హార్డు డిస్కుకు ఎంత చలువ కావాలి?

హైదరాబాదు నుండి ముంబాయి పోయే రహదారిమీద రామచంద్రాపురం దాటి, పటాన్‌చెరువు, కంది గ్రామాల మీదుగా సంగారెడ్డి చేరేలోగా దారికి రెండువైపులా కనబడే ఫ్యాక్టరీలు ఎన్నో. ఆ దారిలోనే పటాన్‌చెరువు వద్ద ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ ఉన్నది. 1972లో ఏర్పడిన ఆ సంస్థ విత్తన భాండాగారంలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, మరికొన్ని చిరుధాన్యాలకు చెందిన 1,20,000కు పైగా నమూనాలు భద్రపరచి ఉన్నాయి. తరచుగా బయటికి తీయవలసిన విత్తనాలను 4 డిగ్రీల సెంటిగ్రేడు వద్దను, దీర్ఘకాలం దాచవలసిన వాటిని సున్నకు 20 డిగ్రీలు దిగువనూ ఉంచుతారు.

విత్తనం కూడా ఒక విధమైన జ్ఞాపకమే. ఏ మొక్క ఎట్లా పెరగాలో, ఏ రోగాన్ని ఎట్లా తట్టుకోవాలో దానిలో రాసి ఉంటుంది. ఆ రాత చెడకుండా ఉండాలంటే చలువ కావాలి, పొడితనం కావాలి. విత్తనంలోని తేమ ఒక శాతం తగ్గినా, నిలవ ఉంచే చోట ఉష్ణోగ్రత సుమారు 5 డిగ్రీలు తగ్గినా విత్తనపు ఆయుర్దాయం రెట్టింపవుతుందని హారింగ్‌టన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక స్థూల సూత్రం చెప్పాడు. ఆ సూత్రానికి హద్దులున్నా, దాని సారాంశం మాత్రం స్పష్టమే: ఎంత చల్లగా ఉంచితే అంత మేలు.

ఇదే రహదారి పొడుగునా ప్రతి ఫ్యాక్టరీ కార్యాలయంలోనూ, బ్యాంకులోనూ, ఉన్నత పాఠశాలలోనూ మరొక జ్ఞాపకం ఉన్నది. అది కంప్యూటరు పెట్టెలోని హార్డు డిస్కు. విద్యార్థుల మార్కులు, కార్మికుల జీతాల లెక్కలు, రోగుల వివరాలు దానిమీద రాసి ఉంటాయి. అది చెడిపోతే కొన్ని సంవత్సరాల శ్రమ ఒక్క పూటలో పోతుంది. విత్తనానికి చెప్పిన సూత్రమే దీనికీ వర్తిస్తుందని చాలామంది తలుస్తారు. చల్లబరచినకొద్దీ డిస్కు ఎక్కువ కాలం మన్నుతుందనే మాట నిజమేనా? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి 50 ఏళ్ళకు పైగా పట్టింది. ఆ కథ తెలుసుకోదగినది.

మొదటి పళ్ళేలు

1956 సెప్టెంబరులో ఐ.బి.యం. అనే అమెరికా సంస్థ తన 305 రామాక్ కంప్యూటరుతోపాటు ప్రపంచంలో మొట్టమొదటి హార్డు డిస్కును ప్రకటించింది. కాలిఫోర్నియాలోని శాన్‌హోజే ప్రయోగశాలలో రేనాల్డ్ జాన్సన్ నాయకత్వాన అది తయారయింది. అందులో 24 అంగుళాల వ్యాసంగల లోహపు పళ్ళేలు 50, ఒకదానిమీద ఒకటిగా ఒకే ఇరుసుకు బిగించి ఉండేవి. అవి నిమిషానికి 1,200 సార్లు తిరిగేవి. పళ్ళెంమీద అయస్కాంత గుణంగల పూత ఉంటుంది. ఒక చిన్న హెడ్డు దానిమీదికి వచ్చి, గుండ్రని గీతల వెంబడి అక్షరాలను అయస్కాంత రూపంలో రాస్తుంది, చదువుతుంది. సుమారు టన్ను బరువున్న ఆ యంత్రంలో పట్టిన అక్షరాలు 50 లక్షలు. ఈనాడు చేతి ఫోనుతో తీసిన ఒకటి రెండు ఫోటోలకు అది చాలదు!

హెడ్డు పళ్ళేన్ని తాకితే పూత గీసుకుపోతుంది. కనుక రామాక్‌లో హెడ్డులోంచి సన్నని రంధ్రాలగుండా గాలిని ఒత్తిడితో ఊదేవారు. ఆ గాలి పొర హెడ్డును పళ్ళేనికి 20 మైక్రాన్ల ఎత్తున నిలిపేది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. 1961లో వచ్చిన ఐ.బి.యం. 1301లో వేరుగా గాలి ఊదవలసిన పని లేకపోయింది. పళ్ళెం తిరిగేటప్పుడు దానితోపాటు లాగబడే గాలిమీదనే, రెక్కలు చాచిన పక్షివలె హెడ్డు తేలేటట్టు మలిచారు. నేటి డిస్కులలో ఈ ఎత్తు కొద్ది నానోమీటర్లకు దిగింది. మైక్రానులో వెయ్యవ వంతు నానోమీటరు.

వేడి ఎక్కడిది?

డిస్కులో మంట లేదు, పొయ్యి లేదు. మరి వేడి ఎక్కడినుండి వస్తుంది? దానికి మూడు కారణాలున్నాయి. పళ్ళేన్ని తిప్పే మోటారు మొదటిది, హెడ్డును అటూ ఇటూ జరిపే తీగచుట్ట రెండవది, వీటిని నడిపే ఎలక్ట్రానిక్ పలక మూడవది. మోటారు చేసే పనిలో పెద్ద భాగం గాలిని చిలకడానికే ఖర్చవుతుంది. కవ్వంతో పెరుగును గట్టిగా చిలికితే చేతికి శ్రమ తెలుస్తుంది కదా! తిరిగే పళ్ళెం గాలిని అట్లాగే చిలుకుతుంది. ఆ శ్రమ అంతా చివరకు వేడిగా మారుతుంది. బల్లమీది కంప్యూటరులోని సాధారణ డిస్కు పనిచేసేటప్పుడు 6 నుండి 8 వాట్ల వరకు విద్యుత్తు తీసుకుంటుంది. చిన్న ఎల్.ఇ.డి. దీపం ఖర్చుకూడా అంతే. అయితే ఆ వాట్లన్నీ అరచేయంత పెట్టెలో పుడతాయి. వాటిని బయటికి పంపే దారి లేకపోతే ఉష్ణోగ్రత పెరిగిపోతుంది.

గదికి చలువ

తొలిరోజులలో యంత్రాన్ని చల్లబరచడమంటే దానిని ఉంచిన గదిని చల్లబరచడమే. మన దేశంలోనూ అట్లాగే జరిగింది. 1967లో హైదరాబాదులో నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ 1969లో టి.డి.సి. 12 అనే స్వదేశీ కంప్యూటరును తయారుచేసింది. ఆనాటి పెద్ద కంప్యూటరు గదులలో రాత్రింబగళ్ళు శీతల యంత్రాలు నడిచేవి.

ఈ చలువకు వేడి భయం ఒక్కటే కారణం కాదు. 1962లో వచ్చిన ఐ.బి.యం. 1311లో ఆరు పళ్ళేల కట్టను యంత్రంలోంచి తీసి మరొకటి పెట్టుకోవచ్చు. కట్ట బరువు సుమారు నాలుగున్నర కిలోలు. ఒక గదిలోని బీరువాలో దాచిన కట్టను తెచ్చి వెంటనే యంత్రానికి తగిలిస్తే చిక్కు వచ్చేది. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

అల్యూమినియం ఒక డిగ్రీ వేడెక్కితే తన పొడుగులో పది లక్షల వంతులకు 23 వంతులు పెరుగుతుంది. రామాక్ పళ్ళెం వ్యాసార్థం సుమారు 305 మిల్లీమీటర్లు. 10 డిగ్రీలు పెరిగితే అంచు 0.07 మిల్లీమీటరు బయటికి జరుగుతుంది. రామాక్‌లో గీతకూ గీతకూ మధ్య దూరం 1.27 మిల్లీమీటర్లు గనుక ఆ జరుగుడు లెక్కలోనిది కాదు. కాని సంవత్సరాలు గడిచినకొద్దీ గీతలు దగ్గరపడ్డాయి. నేటి డిస్కులో గీతల మధ్య ఎడం 50 నుండి 70 నానోమీటర్లు. పళ్ళెం చిన్నదే, వ్యాసార్థం 45 మిల్లీమీటర్లు అనుకుంటే 10 డిగ్రీలకు అంచు 10 మైక్రాన్లు జరుగుతుంది. అంటే సుమారు 150 నుండి 200 గీతల వెడల్పు! హెడ్డును మోసే చేయి కూడా కొంత సాగుతుంది కాబట్టి వాస్తవంలో ఈ రెండు వ్యాకోచాల తేడాయే మిగులుతుంది. ఆ తేడా కూడా హెడ్డు దారి తప్పడానికి చాలు.

అందుచేత కట్టను గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఉంచి, ఆ తరువాతనే వాడవలసి వచ్చేది. 1971లో వచ్చిన ఐ.బి.యం. 3330లో ఒక పళ్ళెపు ఒక ముఖాన్ని కేవలం దారి గుర్తులకే కేటాయించారు. ఆ గుర్తులను చూసుకుంటూ మిగిలిన హెడ్డులన్నీ తమ గీతను వెదుక్కునేవి. 1990 ప్రాంతపు డిస్కులు కొన్ని మధ్యమధ్య పని ఆపి, ఉష్ణోగ్రతనుబట్టి తమ కొలతను తామే సరిచేసుకునేవి. వీడియో చూస్తున్నప్పుడు బొమ్మ క్షణకాలం ఆగిపోవడానికి అదొక కారణంగా ఉండేది. తరువాత దారి గుర్తులను ప్రతి గీతలోనే పొదగడంతో వ్యాకోచపు చిక్కు చాలవరకు తీరింది. ఇక్కడ గమనించవలసినదేమంటే, ఆ చిక్కుకు మూలం ఉష్ణోగ్రత ఎక్కువ కావడంకంటె అది త్వరత్వరగా మారడమే.

గదినుండి బల్లమీదికి

1973లో ఐ.బి.యం. 3340 వచ్చింది. ఇందులో పళ్ళేలనూ హెడ్డులనూ కలిపి ఒకే మూసిన పెట్టెలో ఉంచారు. దుమ్ము బెడద తగ్గింది. వించెస్టర్ అనే పేరుతో ప్రసిద్ధికెక్కిన ఆ పద్ధతే ఈనాటి డిస్కులన్నిటికీ మూలం. 1980లో సీగేట్ సంస్థ ఎస్.టి. 506 అనే 5 మెగాబైట్ల చిన్న డిస్కును తెచ్చింది. 1983లో ఐ.బి.యం. తన ఎక్స్.టి. కంప్యూటరులో 10 మెగాబైట్ల డిస్కును అమర్చింది. 1984 నవంబరులో భారత ప్రభుత్వం కొత్త కంప్యూటరు విధానం ప్రకటించిన తరువాత ఇట్లాంటి యంత్రాలు మన ఊళ్ళకూ రాసాగాయి. చెప్పులు బయట విడిచి కంప్యూటరు గదిలో అడుగుపెట్టిన కాలం చాలామంది ఉపాధ్యాయులకు ఇంకా గుర్తుండి ఉంటుంది.

కొన్నాళ్ళకు కంప్యూటరు ఆ చల్లని గది దాటి మామూలు గదులలోకి వచ్చింది. కొలిమివంటి మే నెల, రోడ్డు దుమ్ము, కరెంటు కోతలు అన్నీ దానికి ఎదురయ్యాయి. గదికి చలువ లేనప్పుడు ఇక మిగిలిన ఉపాయం పెట్టెలో గాలి ఆడించడం. ముందువైపునుండి గది గాలి లోపలికి పోయి, డిస్కులను తాకి, వేడెక్కి, వెనుకవైపు ఫ్యానుగుండా బయటికి పోవాలి. ఇదే బల్లమీది కంప్యూటరులో శీతలీకరణ మూలసూత్రం.

ఇక్కడ విద్యార్థులు ఒక భ్రమను వదులుకోవాలి. ఫ్యాను గాలి మనకు చల్లగా తోస్తుంది. దానికి కారణం మన చెమట. చెమట ఆవిరయ్యేటప్పుడు శరీరంలోని వేడిని తీసుకుపోతుంది. డిస్కుకు చెమట పోయదు. కాబట్టి గది గాలి 40 డిగ్రీలుంటే, ఎంత పెద్ద ఫ్యాను పెట్టినా డిస్కును 40కంటె దిగువకు తేలేము. డిస్కు తనచుట్టూ ఉన్న గాలికంటె ఎన్ని డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందో, ఆ తేడాను మాత్రమే ఫ్యాను తగ్గిస్తుంది. అయితే ఆ తేడాయే మనకు ప్రాణం. గది 40 డిగ్రీలు, దుమ్ముతో మూసుకుపోయిన పెట్టెలోపల గాలి 47, డిస్కు అంతకంటె మరో 10 ఎక్కువ అనుకుందాం. మొత్తం 57 అవుతుంది. బల్లమీది కంప్యూటరు డిస్కులకు చాలామంది తయారీదారులు విధించిన పై హద్దు 60 డిగ్రీలు. సంగారెడ్డి ఎండలో మూసిన గదిలోని కంప్యూటరు ఆ హద్దుకు ఎంత దగ్గరగా ఉంటుందో చూడండి.

వేగం పెరిగితే

డిస్కు త్వరగా చదవాలంటే పళ్ళెం త్వరగా తిరగాలి. 1992లో సీగేట్ బారకుడా నిమిషానికి 7,200 సార్లు, 1996లో చీతా 10,000 సార్లు, 2000లో చీతా ఎక్స్ 15 అనే డిస్కు 15,000 సార్లు తిరిగాయి. గాలిని చిలకడానికి అయ్యే శక్తి సుమారుగా వేగపు ఘనాన్నిబట్టి, వ్యాసపు అయిదవ ఘాతాన్నిబట్టి పెరుగుతుంది. 7,200 నుండి 15,000కు వేగం పెరిగితే ఖర్చు సుమారు 9 రెట్లవుతుంది. ఆ వేడికి డిస్కు నిలవలేదు. అందుచేత ఇంజనీర్లు 95 మిల్లీమీటర్ల పళ్ళేన్ని 65 మిల్లీమీటర్ల ప్రాంతానికి కుదించారు. 65ను 95తో భాగించి అయిదవ ఘాతానికి హెచ్చిస్తే 0.15 వస్తుంది. 9ని 0.15తో గుణిస్తే 1.35. తొమ్మిది రెట్ల వేడి ఒకటింపావు రెట్లకు కొంచెం మించి ఆగింది! పైకి అదే కొలత పెట్టె. లోపల పళ్ళెం మాత్రం చిన్నది. అట్లా ఎందుకు చేశారో ఈ లెక్క చెప్పుతుంది.

మరొక ఉపాయం, చిలికే గాలినే మార్చడం. దీనికి మనకు దగ్గరి ఉదాహరణ విద్యుత్ యంత్రాలు. పటాన్‌చెరువుకు ముందే వచ్చే రామచంద్రాపురంలో చెకోస్లోవేకియా సహకారంతో 1960 దశకంలో నెలకొన్న భారత హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారం టర్బైన్లనూ, వాటితో నడిచే జనరేటర్లనూ తయారుచేస్తుంది. ప్రపంచమంతటా పెద్ద టర్బో జనరేటర్లలో లోపల గాలికి బదులు హైడ్రోజన్ నింపే పద్ధతి 1930 దశకంనుండి ఉన్నది. హైడ్రోజన్ సాంద్రత గాలిలో 14వ వంతు. కనుక తిరిగే భాగానికి అడ్డు తక్కువ. పైగా అది వేడిని గాలికంటె బాగా మోసుకుపోతుంది.

డిస్కుల విషయంలో ఇదే ఆలోచన 2013లో ఫలించింది. హెచ్.జి.ఎస్.టి. సంస్థ హీలియం నింపి, గాలి చొరకుండా మూసిన 6 టెరాబైట్ల డిస్కును విడుదల చేసింది. హీలియం సాంద్రత గాలిలో 7వ వంతు. మండే స్వభావం దానికి లేదు. కుదుపు తగ్గడంవల్ల అదే పెట్టెలో 7 పళ్ళేలు పట్టాయి. విద్యుత్తు ఖర్చూ, వేడీ తగ్గాయి. నూరు మెగావాట్ల యంత్రానికీ, ఏడు వాట్ల డిస్కుకూ ఒకే భౌతిక సూత్రం అక్కరకు వచ్చిందన్నమాట.

లక్ష డిస్కులు చెప్పిన మాట

ఇంతవరకు చూసినదాన్నిబట్టి వేడి శత్రువే. మరి ఎంత చలువ కావాలి? 1889లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు అరీనియస్ రసాయన చర్యల వేగానికీ ఉష్ణోగ్రతకూ గల సంబంధాన్ని సూత్రీకరించాడు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చర్యావేగం సుమారు రెట్టింపవుతుందనే వాడుక సూత్రం దానినుండి వచ్చినదే. ఎలక్ట్రానిక్ పరికరాలను తయారుచేసేవారు దీనినే ఆధారం చేసుకుని, 10 డిగ్రీలు తగ్గిస్తే పరికరపు ఆయువు రెట్టింపని లెక్క కట్టేవారు. డిస్కుకూ అదే అన్వయించారు. కంప్యూటరు కేంద్రాలలో గదులను గడగడ వణికేటంత చల్లగా ఉంచడం ఆచారమైంది.

2007 ఫిబ్రవరిలో గూగుల్ సంస్థకు చెందిన పిన్‌హేరో, వెబర్, బరోసో అనే ముగ్గురు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి ఒక పత్రం ప్రకటించారు. డిస్కులలోనే చిన్న ఉష్ణమాపకం ఉంటుంది; అది చెప్పే అంకెలను వారు నిరంతరం సేకరించారు. ఫలితం అందరినీ ఆశ్చర్యపరచింది. సగటు ఉష్ణోగ్రత పెరిగినంతమాత్రాన డిస్కులు ఎక్కువగా చెడలేదు. పైగా తక్కువ ఉష్ణోగ్రత ఉన్న డిస్కులలోనే చెడిపోయినవి ఎక్కువగా కనిపించాయి. 45 డిగ్రీలు మించినచోట, అదీ మూడేళ్ళు పాతబడిన డిస్కులలో, వేడి ప్రభావం స్పష్టమయింది.

ఒక్క పరిశీలనతో శాస్త్రం తీర్పు చెప్పదు. 2011లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు తమ కేంద్రాల డిస్కులను చూసి, వేడికీ చెడిపోవడానికీ గట్టి సంబంధమే ఉన్నదని చెప్పారు. వారు చూసిన యంత్రాలలో డిస్కులు ఒకదాని వెనుక ఒకటి వరుసలుగా ఉండేవి. ముందువాటి వేడి వెనుకవాటికి తగిలేది. 2012లో టొరాంటో విశ్వవిద్యాలయం వారి పరిశీలన ఈ రెంటికీ నడుమ నిలిచింది. 50 డిగ్రీల లోపల వేడివల్ల నష్టం ఉన్నా, అది రెట్టింపులుగా కాక నిదానంగానే పెరుగుతుందని వారు తేల్చారు. డిస్కును తయారుచేసిన తీరు, అమర్చిన తీరు, వయస్సు వేరైతే ఫలితాలూ వేరవుతాయి. అయినా మూడూ కలిపి చదివితే ఒక్క మాట నిలుస్తుంది: మితిమీరిన వేడి చెరుపు, మితిమీరిన చలువవల్ల లాభం లేదు.

ఈ జ్ఞానంతో వచ్చిన ఫలం చిన్నది కాదు. కంప్యూటరు గదుల గాలికి ప్రమాణాలు నిర్ణయించే అమెరికా సంఘం ఆష్రే 2004లో 20 నుండి 25 డిగ్రీలు తగినదని చెప్పింది. 2008లో ఆ హద్దులను 18 నుండి 27కు సడలించింది. హైదరాబాదు చుట్టూ నేడు పెద్ద పెద్ద సమాచార కేంద్రాలు వెలసినాయి. వేసవిలో గదిని 20 డిగ్రీలకు బదులు 27 డిగ్రీల వద్ద ఉంచితే, బయటి ఎండకూ లోపలి గాలికీ ఉండే తేడా తగ్గుతుంది. ఆ మేరకు విద్యుత్తూ మిగులుతుంది.

అసలు దొంగ తేమ

2016లో మైక్రోసాఫ్ట్, రట్గర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి తొమ్మిది కేంద్రాలలోని పది లక్షలకు పైగా డిస్కుల వివరాలను విశ్లేషించారు. వాటిలో కొన్ని బయటి గాలినే వాడుకునే కేంద్రాలు. ఉష్ణోగ్రతకంటె గాలిలోని తేమే డిస్కులను ఎక్కువగా చెరుస్తున్నదని అక్కడ తేలింది. తేమవల్ల ఎక్కువగా దెబ్బతిన్నది డిస్కును నడిపే ఎలక్ట్రానిక్ భాగం. తేమకు గంధకపు వాయువులవంటివి తోడైతే రాగి, వెండి పూతలు నల్లబడి తినివేయబడతాయి. పరిశ్రమల నడుమ ఉన్న మన ప్రాంతంలో ఈ మాటను మరింత శ్రద్ధగా వినాలి.

ఇది మన వాడుక ఒకదానిని ప్రశ్నిస్తుంది. వేసవిలో నీటితో నడిచే కూలరును కంప్యూటరుకు ఎదురుగా పెట్టడం చాలాచోట్ల చూస్తాము. అది గదిని కొన్ని డిగ్రీలు చల్లబరచే మాట నిజమే. కాని ఆ చలువ నీరు ఆవిరికావడంవల్ల వచ్చింది. ఆ ఆవిరి గదిలోనే ఉంటుంది. కిటికీ తెరిచి, ఫ్యాను తిప్పి, కూలరు గాలి మనుషులవైపే పోయేటట్టు పెట్టడం మేలు.

మన పాఠశాలలో

ఈ చరిత్రనుండి మనం నేర్చుకోగలిగినవి తేలికైన పనులే. కంప్యూటరు పెట్టెను గోడకు ఆనించి పెట్టరాదు. తలుపుల బీరువాలో బంధించరాదు. ముందూ వెనుకా జానెడు ఖాళీ ఉండాలి. నెలకొకసారి కరెంటు తీసి, గాలి చొరబడే జల్లెడమీది దుమ్మును మెత్తని కుంచెతో దులపాలి. రెండు డిస్కులుంటే వాటి మధ్య ఒక అర ఖాళీ వదలాలి. హీలియం లేని డిస్కు మూతమీద ఒక సన్నని రంధ్రం ఉంటుంది. లోపలి, బయటి గాలి ఒత్తిడులను సమానం చేసే దారి అది. దానిమీద కాగితం అంటించరాదు. చల్లని గదినుండి డిస్కును వానాకాలపు ఉక్కలోకి తెస్తే, మంచునీటి గ్లాసుమీద వలెనే దానిమీద నీరు పడుతుంది. అట్లా తెచ్చిన డిస్కును కొన్ని గంటలు ఆగి వాడాలి. గంటకు 20 డిగ్రీలకు మించిన మార్పు కూడదని తయారీదారులు అనడానికి ఇదీ ఒక కారణం.

డిస్కులోని ఉష్ణమాపకం చెప్పే అంకెను చూపే ఉచిత ప్రోగ్రాములు దొరుకుతాయి. తొమ్మిదవ, పదవ తరగతుల విద్యార్థులచేత ఒక చిన్న ప్రయోగం చేయించవచ్చు. ఒక వారంపాటు ఉదయం 10 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు గది ఉష్ణోగ్రతనూ డిస్కు ఉష్ణోగ్రతనూ రాయించండి. రెంటి తేడాను గ్రాఫు కాగితంమీద గుర్తింపజేయండి. తరువాత పెట్టె దుమ్ము దులిపి, మరో వారం అదే పని చేయించండి. గది ఉష్ణోగ్రత మారినా తేడా తగ్గిందా లేదా అన్నదే చూడవలసినది. వేడి, గాలి, ఘర్షణలను గురించి ఒక్క పాఠంలో ఇంతకంటె ఎక్కువ చెప్పడం కష్టం.

కొత్త రూపాలు

డిస్కుకు వేడి ఎప్పుడూ శత్రువే అనడానికి కూడా వీలులేదు. నేటి హెడ్డులో ఒక సూక్ష్మమైన తాపకం ఉంటుంది. రాసేటప్పుడూ చదివేటప్పుడూ అది హెడ్డు కొనను వేడిచేసి ఉబ్బించి, పళ్ళేనికి మరికొంత దగ్గర చేస్తుంది. 2024లో సీగేట్ ప్రకటించిన కొత్త డిస్కులలో చిన్న లేజరు పళ్ళెంమీద ఒక బిందువును నానోసెకనుల కాలం 400 డిగ్రీలకు మించి వేడిచేస్తుంది. ఆ క్షణంలోనే రాత పూర్తవుతుంది. వెంటనే చల్లారి ఆ రాత గట్టిపడుతుంది. అదుపులో ఉన్న వేడి రాతకు సహాయం చేస్తున్నదన్నమాట.

ఇప్పుడు చాలా కంప్యూటర్లలో తిరిగే పళ్ళెం లేని ఎస్.ఎస్.డి. అనే పరికరం వస్తున్నది. అందులో సమాచారం విద్యుదావేశ రూపంలో ఉంటుంది. దానిని విద్యుత్తు లేకుండా బీరువాలో పెడితే ఆవేశం మెల్లగా కారిపోతుంది. వేడిలో మరింత త్వరగా కారుతుంది. సాధారణ వాడుకకు చేసిన ఎస్.ఎస్.డి. తన రాత శక్తినంతా వినియోగించిన తరువాత, విద్యుత్తు లేకుండా 30 డిగ్రీల వద్ద ఒక సంవత్సరం సమాచారాన్ని నిలుపుకోవాలని పరిశ్రమ ప్రమాణం. పనిచేసేటప్పుడు వేడిని తట్టుకోగల ఈ జ్ఞాపకం, నిద్రపోయేటప్పుడు మాత్రం విత్తనంవలె చలువను కోరుతుంది. ఏ జ్ఞాపకానికి తగిన చలువ దానిది. దానిని ఊహతోకాక కొలతతోనే తెలుసుకోవాలి.

ఇక్రిశాట్ వారి పద్ధతిలో మనం అనుసరించదగినది మరొకటున్నది. సున్నకు 20 డిగ్రీల దిగువన దాచినా వారు ఆ చలువను మాత్రమే నమ్ముకుని కూర్చోలేదు. ఉత్తర ధ్రువానికి చేరువలో, నార్వే దేశపు స్వాల్‌బార్డ్ దీవులలో 2008లో తెరిచిన ప్రపంచ విత్తన భాండాగారానికి తమ విత్తనాల నకళ్ళను పంపి ఉంచారు. పాఠశాలలో మార్కుల పట్టికకు అంత దూరపు దీవి అక్కరలేదు. నెలకొకసారి దానిని వేరొక డిస్కుమీదికి ఎక్కించి, ఆ డిస్కును వేరొక కట్టడంలోని బీరువాలో ఉంచితే చాలు.